శ్రోతల సంఘం ఏకగ్రీవ తీర్మానం

గురువారం వచ్చిందంటే చిలుకూరుకు విమల కష్టాలు గుర్తొచ్చేవి. విమల ఆ ఊరి పిల్ల కాదు, ఏ ఊరి పిల్లా కాదు, రేడియో నాటకంలో ఒక గొంతు. అయినా సాగర్ కాలువకు నీళ్లొచ్చిన ఆ మూడో ఏడు, నాట్లేసి నడుములు పడిపోయిన మనుషులు కూడా ఇళ్లకు పోకుండా పంచాయతీ ఆఫీసు ముందు ఆ గొంతు కోసం కాచుక్కూర్చునేవారు. మగవాళ్లు లోపల రేడియో దగ్గర. ఆడవాళ్లు బయట, మేడ మీద మైకు కింద, మట్టిలో.

పన్నెండు వారాలుగా ఆ విమలను మొగుడు గోవర్ధన్ తాగొచ్చి కొడుతూనే ఉన్నాడు. ఆమె పుట్టింటికి రావడం, తండ్రి నచ్చజెప్పి తిరిగి పంపడం, అట్లా రెండుసార్లయింది. ఈ వారం చంటిబిడ్డను చంకనేసుకొని మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడింది. తండ్రి తలుపు తీశాడో లేదో చెప్పకుండానే నాటకం ఆపేశారు.

"విమల ఏం చెయ్యాలి? ఆమె తండ్రి ఏం చెయ్యాలి? శ్రోతల సంఘాలు చర్చించి అభిప్రాయం రాసి పంపండి. మంచి ఉత్తరాలను వచ్చే గురువారం చివరి భాగానికి ముందు చదువుతాం" అంది రేడియో.

చిలుకూరు శ్రోతల సంఘానికి అధ్యక్షుడు సర్పంచ్ దశరథ సేటు. వడ్ల వ్యాపారం ఆయనది. సంఘంలో ఒక ఆడమనిషి ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది కాబట్టి బడి పంతులమ్మ సుగుణమ్మను చేర్చారు. ఆమె చెయ్యాల్సిన పని ఒకటే. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చొని మగవాళ్లు వాదించుకున్నది రిపోర్టు పుస్తకంలో రాయడం, కార్బన్ కాగితం కింద పడ్డ నకలు ఉంచుకొని అసలును కోదాడ పోస్టులో వెయ్యడం. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మెచ్చుకునేవారు. అభిప్రాయం మాత్రం ఏనాడూ అడగలేదు.

భిక్షపతి పైపంచెతో కళ్లొత్తుకున్నాడు. పదెకరాల తరి పొలం ఉన్న మనిషి, చిన్న మాటకు ఏడుపొస్తుంది. "అసలు ఆ తండ్రి మనిషేనా? ఒక్కసారి గాదు, రెండుసార్లు పంపిండు. గొడ్డును బాదేటోడని తెలిస్తే ఎద్దును గూడ అమ్మం గద వానికి! బిడ్డనెట్ల పంపిండయ్యా?"

"గా గోవర్ధన్ గాడు నా ఎదురుంగ ఉంటే కాళ్లు ఇరగ్గొడుదు" అన్నాడు దశరథ సేటు. "అయినా వాన్నేం అనాలె. తాగుబోతు వాడు. పంపిన పెద్దమనుషులకు సిగ్గుండాలె."

గడప దగ్గర గొంతుకూర్చున్న యేసయ్య కూడా తలాడించాడు. చర్చిలో సంఘ పెద్ద ఆయన. "తెలిసి తెలిసి పంపితే ఆ పాపం పంపినోళ్లదే సేటూ. ప్రభువు మెచ్చడు" అన్నాడు.

ముసలి ఉప్పలయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. "మొగుడన్నంక ఒక దెబ్బ ఏస్తడు. ఆడది సర్దుకపోవాలె. మా కాలంల గిట్ల నాటకాలు లేవు" అన్నాడు. అందరూ ఆయన మీద పడ్డారు. నీకు గుండె ఉన్నదా అని ఒకరు, నీ బిడ్డకైతే తెలుస్తది అని ఇంకొకరు. అరగంట కరిచారు. చివరికి సేటు ఆయన వేలు పట్టుకొని సిరాలో ముంచి పుస్తకం మీద ఒత్తించాడు. ఏకగ్రీవం అని రాస్తేనే రేడియోలో చదువుతారట.

సుగుణమ్మ తల ఎత్తకుండా రాసింది. 'చెయ్యి చేసుకొనే ఇంటికి ఆడపిల్లను తిరిగి పంపరాదు. నచ్చజెప్పి పంపిన పెద్దలదే ఆ పాపం. ఇది చిలుకూరు శ్రోతల సంఘం ఏకగ్రీవ తీర్మానం.' భిక్షపతి తిట్టింది విమల తండ్రిని కావచ్చు, ప్రతి మాటా వచ్చి ఆమెకే తగిలింది. ఆమె కూడా రెండుసార్లు పంపింది.

ఆమె చెల్లెలు సరోజ ఇంట్లో ఉంది. తల్లి పోయాక సుగుణమ్మే చంకనెత్తుకొని పెంచిన పిల్ల. మిర్యాలగూడలో బియ్యం మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసే లాజరుకు యేసయ్యే సంబంధం కుదిర్చి పెళ్లి చేయించాడు. మొదటిసారి పెదవి చిట్లి వచ్చింది. సర్దుకొమ్మని పంపింది అక్క. రెండోసారి వీపు మీద వాతలతో వచ్చింది. ప్రార్థన చేసుకొమ్మని పంపింది. ఈసారి కుడిచెయ్యి మోచేతి కింద విరిగి వచ్చింది. కోదాడ దవాఖానలో కట్టు కట్టించి, బోరింగు దగ్గర జారిపడిందని ఊరందరికీ చెప్పింది. పంతులమ్మ చెల్లెలు మొగుడితో దెబ్బలు తిన్నదంటే పరువేం కావాలి? తన మీద తనకు అసహ్యం వేసింది సుగుణమ్మకు. పదిరోజులుగా వేస్తూనే ఉంది, ఆ రోజు మరీ ఎక్కువగా.

ఇంటికొచ్చి ఆ ఉత్తరం చదివి వినిపించింది. సరోజ ఎడమచేత్తో అన్నం కలుపుకుంటూ విన్నది. "గిట్ల నిజంగనే అన్నరా అక్కా?" అని అడిగింది.

"అందరు. యేసన్న సుత."

"అయితే ఇగ చెప్పొచ్చు గద, బోరింగు కాడ పడలేదని."

సుగుణమ్మ నమ్మింది. పదిహేనేళ్లుగా పిల్లలకు చదువు చెప్పే మనిషి, కాగితం మీద సంతకాలు చూసి నమ్మింది. తెల్లారి ఉత్తరం కోదాడ పోస్టులో వేసి, అటునుంచి అటే యేసయ్య ఇంటికి పోయి జరిగిందంతా చెప్పింది. లాజరును పిలిపించి మందలించండి, పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది అంది. యేసయ్య గడ్డం నిమురుకొని, సేటుతో ఒక మాట అంటానన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పంచాయతీ వరండాలోనే కూర్చున్నారు. అదే సేటు, అదే భిక్షపతి, అదే యేసయ్య, అదే ఉప్పలయ్య. లాజరు తెల్ల చొక్కా వేసుకొని, నూనె రాసి తల దువ్వుకొని వచ్చాడు. చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "తాగిన మాట నిజమే. తప్పయింది. ఇగ ముట్ట" అన్నాడు మెల్లగా. ఎంత మెత్తగా అన్నాడంటే, భిక్షపతికి అప్పుడే కళ్లు చెమర్చాయి.

"పిలగాడు తప్పొప్పుకున్నడు. ఇంకేం గావాలె?" అన్నాడు భిక్షపతి.

"మా బామ్మర్ది మిల్లుల బాయిలర్ కాడ వీడే దిక్కు" అన్నాడు దశరథ సేటు. "ఇంట్ల వండిపెట్టే దిక్కు లేక సరిగ్గ పనికొస్తలేడట. సీజన్ల మిల్లాగితే ఎట్ల? పంతులమ్మా, చదువుకున్నదానివి, నువ్వే చెల్లెలికి నచ్చజెప్పాలె."

"దేవుడు జతపరిచినోళ్లను మనం విడదీస్తమా సుగుణా?" అన్నాడు యేసయ్య, నేల చూస్తూ.

సరోజ స్తంభం పక్కన తలవంచుకొని నిలబడి ఉంది. విరిగిన చెయ్యి పాత చీర ముక్కలో మెడకు వేలాడుతోంది. నలుగురూ ఆ కట్టును చూస్తూనే మాట్లాడుతున్నారు. శుక్రవారం పొద్దున లాజరు వచ్చి తీసుకుపోతాడని తేల్చేశారు. అంతా కలిపి చుట్ట కాల్చినంత సేపు పట్టలేదు. విమల కోసం మాత్రం అరగంట కొట్లాడారు.

సుగుణమ్మ ఒళ్లు భగ్గుమంది. విసురుగా లోపలికి పోయి బీరువాలోంచి రిపోర్టు పుస్తకం తీసుకొచ్చింది. జరగబోయేది వాళ్లకు అర్థమయ్యేలోపే గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "'చెయ్యి చేసుకొనే ఇంటికి ఆడపిల్లను తిరిగి పంపరాదు. నచ్చజెప్పి పంపిన పెద్దలదే ఆ పాపం.' కింద సంతకం దశరథ. సంతకం భిక్షపతి. సంతకం యేసయ్య. వేలిముద్ర ఉప్పలయ్య. ఈ సంతకాలు మీయే గదా సేటూ?"

సేటు ముందు తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. "అది నాటకం గదమ్మా!"

"నాటకమైతే ఏడుస్తరు, నిజమైతే పంపుతరా?"

"ఆ పిల్ల ఏరు, ఈ పిల్ల ఏరు" అన్నాడు భిక్షపతి. "విమల ఎంత మంచిది! నోట్ల నాలిక లేదు. ఆ గోవర్ధన్ రాక్షసుడు. మన లాజరు గట్లాంటోడు గాదు."

"ఎద్దును గూడ అమ్మమన్నవ్ గదా భిక్షపతన్నా! నా చెల్లె ఎద్దుకంటె కూడా తక్కువైందా? విమల మంచిదని నీకెట్ల తెల్సు? పన్నెండు వారాలు దాని గొంతు ఇన్నవు. ఈ పిల్ల గొంతు ఒక్కసారన్న ఇన్నవా? ఇందాకటి నుంచి మీలో ఒక్కరన్న నీకేమైంది బిడ్డా అని అడిగిండ్రా? విమల చెయ్యి మీరెవ్వరు సూడలే, నమ్మిండ్రు. దీని చెయ్యి కండ్ల ముందట ఏలాడుతుంటె కూడా మీకు కనవడతలేదు!"

"నేనైతే ఆనాడూ గిదే అన్న, ఈనాడూ గిదే అంటున్న" అన్నాడు ఉప్పలయ్య. సుగుణమ్మకు నలుగురిలో ఆ ముసలాయన మీదే కాస్త కోపం తగ్గింది. మూర్ఖుడే, కానీ రెండు నాలుకలు లేవు.

దశరథ సేటు నవ్వు మానేశాడు. "పంతులమ్మా, గొంతు తగ్గించు. సమితి ప్రెసిడెంటుకు ఒక్క మాటంటే పెన్‌పహాడ్ అవతల ఏదన్న బడికి ఏస్తరు నిన్ను. పుస్తకం లోపల పెట్టు. శుక్రారం పిల్లను తయారు జేసి ఉంచు" అని లేచిపోయాడు.

లాజరు వెళ్లేటప్పుడు సరోజ వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు పెద్దమనుషులు చూడలేదు. అక్క చూసింది.

ఆ మూడు రోజులూ సుగుణమ్మ కోపంతో ఉడికిపోయింది. బడిలో పిల్లల మీద అరిచింది. కూర మాడగొట్టింది. "నేను పోనంటె నిన్ను బదిలీ చేస్తరు గద" అని సరోజ అంటే, "చెయ్యనీ, పోతం! ఈసారి నిన్ను పంపితే నాకంటె పాపిష్టిది ఇంకోతి ఉండదు" అని చెల్లెలి మీదే కసిరి, ఆ వెంటనే ఏడ్చింది. "మొదటిసారే తలుపు మూసి లోపల కూసోబెట్టుకుంటె అయిపోయేది. నేనే పంపిన. పరువు కోసం పంపిన" అంది. సరోజ ఎడమచేత్తో అక్క కళ్లు తుడిచింది.

చివరి గురువారం జాతరలా ఉంది. ఉత్తరం చదువుతారన్న ఆశతో సేటు పక్క ఊళ్ల నుంచి కూడా తెలిసినవాళ్లను పిలిపించుకున్నాడు. ఇస్త్రీ పంచె కట్టాడు. మైకు గట్టిగా పెట్టించాడు. ఆదివారం తాను చెప్పిన తీర్పు ఆ ఉత్తరానికి అడ్డం తిరుగుతుందన్న ఊహ కూడా ఆయనకు రాలేదు. తన పేరు రేడియోలో వస్తుందంటే ఇంక వేరే ఊహ ఏమొస్తుంది?

వచ్చింది. "నల్లగొండ జిల్లా చిలుకూరు నుంచి శ్రోతల సంఘం అధ్యక్షులు దశరథ, సభ్యులు భిక్షపతి, యేసయ్య, ఉప్పలయ్య..." రాసిన సుగుణమ్మ పేరు రాలేదు. "చెయ్యి చేసుకొనే ఇంటికి ఆడపిల్లను తిరిగి పంపరాదని వీరి ఏకగ్రీవ తీర్మానం. ఇంత ఉన్నతంగా ఆలోచించిన చిలుకూరు పెద్దలకు మా అభినందనలు."

లోపల చప్పట్లు మోగాయి. సేటు నాలుగు వైపులా తిరిగి దండాలు పెట్టాడు. బయట మైకు కింద ఆడవాళ్లు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోపల మగవాళ్లు ఏం తీర్మానించారో వాళ్లకు తెలియడం అదే మొదలు. ఆదివారం వరండాలో ఏం తేల్చారో మాత్రం అందరికీ తెలుసు.

తర్వాత చివరి భాగం మొదలైంది. విమల తండ్రి తలుపు తీశాడు. వెనకాలే గోవర్ధన్ వచ్చి బుద్ధొచ్చిందని ఏడ్చాడు. సన్నాయి వాయించారు. విమల మొగుడి కాళ్ల మీద పడి, "నా చోటు మీ పాదాల దగ్గరే" అని బిడ్డనెత్తుకొని వెళ్లిపోయింది. సమాప్తం.

లోపల హమ్మయ్య అన్నట్టు గాలి పీల్చుకున్నారు. భిక్షపతి మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు, ఈసారి సంతోషంతో. "సూసినవా పంతులమ్మా?" అన్నాడు సేటు, గుమ్మం దగ్గర స్టూలు వైపు తిరిగి. "ఆఖరికి ఆమె సుత పోయింది. ఆడదానికి అదే అందం."

"థూ!" అని బయటి నుంచి వినిపించింది. కూలి పనికి పోయే బాలమ్మ. పన్నెండు వారాలు మట్టిలో కూర్చొని విన్న మనిషి. కొంగు నడుముకు చుట్టుకొని గడప దాటి లోపలికొచ్చింది. ఆ గడప ఆడకూలీలెవ్వరూ అంతకుముందు దాటలేదు. "గియ్యాలటి దాంక గొడ్డోలె బాదినోడు ఇయ్యాల ఏడిస్తే మంచోడైండా? ఆ నాటకం రాసినోనికి వీపు మీద ఒక్కటన్న పడ్డదా? వారం వారం మమ్ముల ఏడిపిచ్చి, ఆఖరికి గిదా!"

"రేపొద్దున మల్ల కొడ్తడు వాడు!" అని బయట ఇంకొకామె అరిచింది. ఇంకా నలుగురు అందుకున్నారు. సేటు లేచి రేడియో కట్టేశాడు. గొంతులు ఆగలేదు. ఆ సాయంత్రం చిలుకూరులో అసలు చర్చ రేడియో ఆగిపోయాక జరిగింది. ఎవరూ దాన్ని రిపోర్టు రాయమనలేదు. సుగుణమ్మ రాసింది, కన్నీళ్లు పుస్తకం మీద పడుతుంటే రాసింది.

శుక్రవారం మొదటి బస్సుకే లాజరు దిగాడు. వరండాలో పెద్దలు కూర్చున్నారు. బాలమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్లూ కలుపు తియ్యడానికి పోకుండా ఎదురుగా నిలబడ్డారు. వాళ్లను చూసి సేటుకు కొంచెం ఇబ్బందిగానే ఉంది, కానీ ఆయన చేతిలో ఇప్పుడు కొత్త న్యాయం ఉంది.

"సరోజా, రేడియోల ఇన్నవు గద బిడ్డా" అన్నాడు, ఎన్నడూ లేనంత ప్రేమగా. "మేం పోవద్దని రాసినం. అయినా ఆమె పోయింది. గా విమల అంత కష్టపడ్డది, మాట మర్చిపోయి మొగునెంట పోలేదా? ఆమెకంటె గొప్పదానివా నువ్వు?"

"నేనూ మిల్లు కాడ ఇన్న సేటూ" అన్నాడు లాజరు. "శానా మంచిగున్నది నాటకం."

సుగుణమ్మ నోరు తెరవబోయింది. సరోజ ఎడమచెయ్యి అక్క భుజం మీద పెట్టి ఆపింది. స్తంభం వదిలి ముందుకొచ్చింది. మెడకు కట్టిన చీర ముక్క ముడి పళ్లతో లాగి విప్పింది. కట్టు కట్టిన చెయ్యి కిందికి జారితే నొప్పికి ఆమె కళ్లు మూతపడ్డాయి. ఆ చేతిని రెండో చేత్తో ఎత్తి సేటు ముఖం ముందు పెట్టింది. ఊళ్లోకి వచ్చిన పద్దెనిమిది రోజుల్లో ఆ పెద్దలు ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

"ఆమెకేం సేటూ, ఎన్నిసార్లన్న పోతది. ఆమెకు ఇరగనీకి చెయ్యి లేదు. నాకున్నది. నేను పోను."

సేటు ఆ చేతి మీంచి చూపు తిప్పుకున్నాడు. యేసయ్య లేచి, తలగుడ్డ తీసి, లాజరు దగ్గరికి పోయి, "బస్సు తిరిగొచ్చే ఏళయింది, పా" అన్నాడు. భిక్షపతి ఏడవలేదు. బాలమ్మ వచ్చి ఆ చేతిని మెల్లగా చీర ముక్కలో పెట్టి మళ్లీ ముడివేసింది.

సుగుణమ్మ వరండా మెట్టు మీదే కూర్చొని పుస్తకం తెరిచింది. పైన తేదీ వేసి, చెల్లెలు అన్న మాటను అన్నది అన్నట్టుగా రాసింది. కింద ఎవరి సంతకాలూ అడగలేదు.